దగ్గే బార్లు, ఎర్ర గుడ్డ

అసుబొంటెంగ్ మాస్టారికి బోరింగ్ బారు ఎంచుకోవడమంటే కూతురికి వరుణ్ణి వెతకడమే. తొందరపడకూడదు. వంశం చూడాలి, నడుం చూడాలి, గొంతు వినాలి.

బారంటే కొనకి కోసే పన్ను ఉన్న ఉక్కు కడ్డీ. మిల్లింగ్ మిషన్ బోరింగ్ హెడ్‌లో బిగిస్తే గిర్రున తిరుగుతూ రంధ్రాన్ని లోపల్నుంచి చెక్కి పెద్దది చేస్తుంది. కుమాసీ పట్నంలో, లారీలకి ఆస్పత్రీ శ్మశానమూ ఒకటే అయిన సువామె మ్యాగజీన్ పేటలో, తక్కినవాళ్లంతా చేతికందిన బారు బిగించి స్విచ్ నొక్కేస్తారు. మాస్టారు మాత్రం పద్నాలుగు బార్లనీ ఎర్ర గుడ్డ మీద పేర్చి, ఒక్కొక్కదాన్నీ గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటారు.

"ఇది దగ్గుతోంది," అని పక్కన పెడతారు. ఇంకోటి మీటి, "ఇది అబద్ధాలాడుతుంది," అంటారు. ఈ తతంగం చూడ్డానికి వీధి వీధంతా చేరుతుంది.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. "రంధ్రం పట్టినంత లావు, అడుగు అందినంత పొట్టి. బిగింపు దాటి వేలాడే భాగం ఎక్కువైతే బారు వణుకుతుంది. చుట్టూ రజను రాలడానికి కాస్త సందు. అంతే!" ఈ సిద్ధాంతానికి లొంగని వస్తువు సృష్టిలో లేదు. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం రెండో గంటలో పడితే, "వేలాడే భాగం ఎక్కువైంది, అందుకే వణుకుతోంది," అని గొణిగారు. ఆయన భార్య పోకువా పొట్టిగా, లావుగా, నిండుగా ఉంటుంది. "నన్ను చేసుకున్నది ప్రేమతో కాదమ్మా, సిద్ధాంతం ప్రకారం," అని ఆవిడే చెప్పుకుని నవ్వుతుంది.

పక్క షెడ్డు బరిమాది. సొంత దుకాణం పెట్టి ఏడాది కాలేదు. అతని ఆస్తి ఒకే ఒక్క బారు. మూరెడు పొడవు, చిటికెన వేలంత లావు.

"ఏ రంధ్రానికైనా అందుతుంది మాస్టారూ!"

"దాంతో అరటికాయ కాల్చుకో తమ్ముడూ. బాగా కాలుతుంది."

ఒక గురువారం పొద్దున అఫ్రాకొమా తన మొక్కజొన్న మర గుండెకాయని, ఇరుసు తిరిగే ఇనప దిమ్మని, చక్రాల బండి మీద తెచ్చి బరిమా ముందు దించింది. బేరింగ్ కూర్చునే గూడు అరిగిపోయింది. దాన్ని చెక్కి పెద్దది చేసి, లోపల బుష్ అనే లోహపు తొడుగు వెయ్యాలి. శనివారం వాళ్ల వీధిలో పెద్ద చావు దినం, మూడు వందల మందికి పులిసిన మొక్కజొన్న పిండితో కెంకే ఉండలు ఈవిడే చెయ్యాలి. మర తిరక్కపోతే ఆ పని ఎదురింటి ఆవిడకి పోతుంది.

"సాయంత్రానికల్లా ఇచ్చేస్తా అక్కా!" అన్నాడు బరిమా.

బారు లోపలికి దిగగానే మేకపిల్లని తొక్కినట్టు అరిచింది. ఇంకో కోత కోస్తే సర్దుకుంటుందనుకున్నాడు. ఇంకా అరిచింది. ఈసారి లోతుగా కోద్దామని డయల్ తిప్పుతుండగా కరెంటు పోయింది. టార్చి వేసి చూశాడు. నోరు వెడల్పు, అడుగు ఇరుకు, గోడలు కంకి మీద గింజల్లా వరసలు వరసలు.

బరిమాకి ఒక సంగతి గుర్తొచ్చింది. అఫ్రాకొమా ఓసారి ఒక వెల్డర్ని తిట్టింది. ఆ వెల్డరు ఇప్పుడు టమాటాలు అమ్ముకుంటున్నాడు.

కరెంటు వచ్చేసరికి అఫ్రాకొమా కూడా వచ్చింది. రంధ్రంలోకి చూసింది, నోరు తెరవబోయింది. ఈలోగా బరిమా ఆ ఇనప దిమ్మని గుండెలకెత్తుకుని మాస్టారి షెడ్డులోకి పరుగెత్తాడు. వెనకే ఆవిడ.

మాస్టారు రంధ్రంలో వేలు పెట్టి తడిమారు. బరిమా ముఖం చూశారు. ఆవిడ ముఖం చూశారు. తాపీగా ఎర్ర గుడ్డ పరిచారు.

మొదటిది దగ్గింది. రెండోది అలిగింది. ఆరోదానికి వాళ్ల నాన్న పోలిక వచ్చిందిట. వీధి చేరింది. ఇంజను దిమ్మ మీద కూర్చున్న అఫ్రాకొమా ఇక ఆగలేకపోయింది.

"బారు ఎంచుతున్నారా మాస్టారూ, ఊరికి అధిపతిని ఎంచుతున్నారా?"

"అధిపతి తప్పైతే పీఠం మీంచి దించొచ్చమ్మా. రంధ్రం తప్పైతే పూడ్చలేం."

గంట గడిచింది. పోకువా ఇచ్చిన చల్లటి గంజి తాగి ఆవిడ నెమ్మదించింది. "అంత కష్టమైన పనా ఇది?"

"ఇనుము మొండిదమ్మా. బుద్ధిలేనివాడైతే ఇంకో కోత కోసి మరని చంపేసేవాడు. మనవాడు సరిగ్గా ఆగాల్సిన చోట ఆగాడు. నాకు చెక్కుకోడానికి చాలినంత ఇనుము మిగిల్చాడు."

ఆగింది తను కాదు, కరెంటని బరిమాకి తెలుసు. నేల చూపులు చూశాడు.

పద్నాలుగూ తప్పాయి. మాస్టారు నిట్టూర్చి, అన్నిటికంటే ముందు కాదన్న పొట్టి బారునే మళ్లీ మీటారు. "దీనికి దగ్గు తగ్గింది," అని బిగించారు. బారు అరవలేదు, కూనిరాగం తీసింది. నోటి నుంచి అడుగు దాకా ఒకే కొలత. కాస్త మందపాటి బుష్ పడింది, పొద్దు వాలకముందే మర బండెక్కింది.

"బరిమా, నీకింత వివేకం ఉందనుకోలేదు. మా చెల్లెలి మర కూడా పంపిస్తా," అని అఫ్రాకొమా వెళ్లిపోయింది.

సోమవారం రేకుల సందులోంచి బరిమా చూశాడు. మాస్టారి దగ్గరికి నేరుగా వచ్చిన పని ఒకటి మిషన్ మీద ఉంది. ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి, ఒక బారు లాగి, బిగించి, స్విచ్ నొక్కారు. తుమ్మినంత సేపు కూడా పట్టలేదు. ఎర్ర గుడ్డ మడత విప్పనేలేదు.

బరిమా వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. పోయిన నెల పంపు సిలిండరు, అంతకుముందు బియ్యం మర కప్పీ... గుడ్డ పరిచిన ప్రతిసారీ ఆ పని ఎవడో ఒకడు పాడుచేసి తెచ్చిందే. సొంతదారు నిప్పులు కక్కుతూ ఎదురుగా కూర్చున్నదే.

తిన్నగా వెళ్లి అడిగాడు. "మాస్టారూ, బార్లు నిజంగా దగ్గుతాయా?"

"దుమ్ము గాలి రోజులు కదా తమ్ముడూ. వాటికీ పడదు." కళ్లెత్తకుండానే బొటనవేలంత లావున్న ఒక పొట్టి బారు అతని చేతిలో పెట్టారు. "ఇది ఉంచుకో. నీ మూరెడు కడ్డీ ఇలా ఇచ్చెయ్."

మధ్యాహ్నం పోకువా ఆ మూరెడు బారుకి అరటికాయలు గుచ్చి బొగ్గుల మీద తిప్పుతోంది. కడ్డీ ఊగిపోతోంది.

"ఏవిటయ్యా ఇది, చేతిలో నిలవదు!"

"వేలాడే భాగం ఎక్కువైందమ్మా," అన్నాడు బరిమా. "కాయకి దగ్గరగా పట్టుకోండి."

మాస్టారు అరటికాయ ముక్కని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. "ఇది దగ్గడం లేదు," అని బరిమాకి అందించారు.