ఎక్కడ నిలబడి చెప్తున్నవ్?

పల్లెల్లో కబురు ఎలా నడుస్తుందో చూడమని విశ్వవిద్యాలయం మూడు నెలల జర్నలిజం ఫెలోషిప్ ఇస్తే, విశాఖ నుంచి కోటగిరి వెళ్లాను. పొట్టకొచ్చిన వరికి కాలువ నీళ్ల కోసం ఊరంతా ఎదురుచూస్తోంది. గట్టు మీద రైతు లక్ష్మక్క తన ఫోన్లో ఊరి వాట్సాప్ గ్రూపుకొచ్చిన వాయిస్ మెసేజ్‌లు వినిపించింది. ప్రతి గొంతూ ముందు తానున్న చోటే చెబుతోంది: "తూముకాడ నిలబడ్డ...", "రుద్రూర్ రోడ్డు మీదున్న..."

"అలా ఎందుకక్కా?"

"ఎక్కడున్నవో సెప్పకుంటే ఎవ్వలు నమ్మరు సెల్లె. ఇన్నది కాదు, సూసిందే సెప్పాలె."

అంతలోనే కాలువలోకి నీళ్లొచ్చాయి! లక్ష్మక్క ఫోన్ నా చేతిలో పెట్టి, పార పట్టుకుని పొలంలోకి దూకింది. "నువ్వే సెప్పు!"

"కోటగిరి కాలువ గట్టు మీద నిలబడ్డాను. నీళ్లొచ్చాయి. చూస్తున్నాను."

వెంటనే ఎవరిదో జవాబు: "మాట కొత్తగున్నది గని, ఉన్న జాగ సెప్పింది. పారలు తీస్కొని నడువుండ్రి!"