కొలవని రంగు రంగే కాదు

మా బావ కంటితో చూసిన ఏ రంగునూ నమ్మడు. పండిన టమాటా చేతిలో పెట్టి "ఇదే రంగు బావా?" అని అడిగితే, "కొలవకుండా ఎలా చెప్పను?" అంటాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అంటాడు. అని ఊరుకోడు కూడా. లోపలికి వెళ్లి రంగులు కొలిచే మీటరు తెస్తాడు. ఓసారి కొలిచి, వెలుతురు సరిగ్గా పడలేదని ఇంకోసారి కొలుస్తాడు. ఈలోగా మా అక్క ఆ టమాటాను తరిగి కూరలో వేసేస్తుంది. వీధిలో పిల్లలు ఆయన్ని 'మీటరు మావయ్య' అంటారు. ఆ పేరు వింటే ఆయనకు కోపం రాదు, గర్వం వస్తుంది.

ఇంటి ముందు గదిలో ఆయనకో చిన్న ప్రింటింగ్ షాపు ఉంది. ఫోటోలు, పోస్టర్లు, విజిటింగ్ కార్డులు వేస్తాడు. ఇందులో అంత బాధపడాల్సింది ఏముందో నాకు మొదట్లో అర్థం కాలేదు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"చూడరా, కంప్యూటరు ఆకుపచ్చ వెయ్యమంటుంది. ప్రింటరు తనకు తోచింది వేస్తుంది. కాగితం తాగినంత సిరా తాగుతుంది. ముగ్గురివీ మూడు దారులు. వీళ్లకు రాజీ కుదర్చాలి."

"కుదర్చడానికి నువ్వెవరు?"

"ప్రొఫైల్ చేసేవాణ్ణి," అన్నాడు, జడ్జీని అన్నంత దర్జాగా.

ఆ పని ఇలా ఉంటుంది. ముందు బోలెడన్ని చిన్న చిన్న రంగు గళ్లున్న కాగితం ప్రింటు తీస్తాడు. ఆరాక ఒక్కో వరస మీదా మీటరు జరుపుతూ ఏ గడి ఎలా వచ్చిందో కొలుస్తాడు. ఆ కొలతలన్నీ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, ప్రింటరు ఎక్కడెక్కడ తప్పుతోందో లెక్కగట్టి ఒక దిద్దుబాటు ఫైలు తయారుచేస్తుంది. దాని పేరే ప్రొఫైల్. కాగితం మారిందా, మళ్లీ మొదటికి. సిరా మారిందా, మళ్లీ మొదటికి. విసుక్కోకుండా మళ్లీ మొదటికి వెళ్లే మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

మీటరు సెకండ్ హ్యాండ్‌ది. అది తిన్నగా జరగాలంటే పట్టాల్లాంటి ఒక గైడు ఉండాలి. దాన్ని పాత యజమాని ఎక్కడో పారేసుకున్నాడు. గైడు లేకపోతే మీటరు వంకర పోయి పక్క వరసలో రంగును చదివేస్తుంది. అందుకని బావ సొంతంగా గైడ్లు చేయడం మొదలుపెట్టాడు. చెప్పుల పెట్టె అట్టతో ఒకటి చేస్తే అది తేమకు ఉబ్బింది. కర్టెన్ రాడ్డుతో ఇంకొకటి చేశాడు. వాళ్లింట్లో కర్టెన్లు ఇప్పటికీ మేకులకే వేలాడుతుంటాయి. సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగా దొరికినదానికి తనే మార్పులు చేసుకున్నాడు. వరస సరిగ్గా చదివితే టింగ్‌మంటుంది. తప్పితే గేదెలా అరుస్తుంది.

"ఆ అరుపెందుకు బావా?"

"నాకు సిగ్గు రావద్దూ?"

ఇక ఆయన వరస చదువుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ కదలకూడదు. నేల అదిరితే మీటరు అదురుతుందట. "ఎక్కడివాళ్లు అక్కడే!" అని ముందు గదిలోంచి కేక వినపడితే నేను సోఫాలో, అక్క వంటింట్లో కొయ్యబారిపోవాలి.

"ఏమండీ, పాలు పొంగుతున్నాయి!"

"పొంగనీ! సగం వరసలో ఉన్నాను!"

"పొయ్యి ఆర్పొద్దా?"

"అడుగు వేయకుండా ఆర్పు!"

టింగ్‌మనేసరికి పాలన్నీ పొయ్యి మీద ఉండేవి. అక్కకు కోపం నషాళానికి అంటేది.

ఒకసారి ఓ బ్యాంకు మేనేజరు తన ఫోటో పెద్దది చేయించుకుని, చూసి ఉలిక్కిపడ్డాడు.

"నా ముక్కు ఇంత ఎర్రగా ఉందేమిటండీ?"

"అనుమానమైతే కొలిచి చెబుతాను, ఉండండి," అంటూ బావ మీటరు తీసుకుని బల్ల దాటాడు.

ఆ పెద్దమనిషి ముక్కు మూసుకుని వీధిలో పడ్డాడు. వచ్చిన బేరాన్ని తరిమేశారని అక్క తల బాదుకుంది. బావ మాత్రం ఆ ఫోటోను వెలుతురులో పట్టుకుని, ముక్కు ఎంత బాగా వచ్చిందో నాకు చూపించాడు.

ఇలా ఉండగా వాళ్లిల్లు పసుపైపోయింది. ముందు గదిలో తీగల మీద ఆరేసిన కాగితాలన్నీ పసుపు, ఆవపొడి రంగు, తడిమట్టి రంగు, పాలిపోయిన మైనం రంగు. మిగతా పనులన్నీ మూలన పడ్డాయి. ఏమిటివన్నీ అంటే "తేలాక చెబుతా" అంటాడు. తేలని రంగు గురించి నోరు విప్పడం ఆయనకు చేతకాదు.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఉన్నపళంగా రా. మీ బావ నా పరువు తీసేస్తున్నాడు."

పై వాటాలో ఒక బస్సు డ్రైవరు, అతని భార్య అద్దెకుంటున్నారు. వాళ్లకు ఆడపిల్ల పుట్టి నెల దాటింది. డ్రైవరు డ్యూటీకి దిగుతుంటే బావ మెట్ల దగ్గర ఆపి అడిగాడట.

"పాప దొడ్డికి వెళ్లిందా?"

"వెళ్లింది అంకుల్."

"ఏ రంగు?"

అతను బిత్తరపోయి, "కార్డు చూసుకున్నాం, బాగానే ఉంది అంకుల్," అని జారుకున్నాడట. మర్నాడూ అదే ప్రశ్న. ఆ తర్వాత అతను వెనక వైపు నుంచి వెళ్లడం మొదలుపెట్టాడు.

"వెనక మెట్లున్నాయా అక్కా?"

"లేవురా! పిట్టగోడ దూకుతున్నాడు!"

అది చాలదన్నట్టు, ఆస్పత్రి నర్సొకావిడ అప్పుడప్పుడూ వచ్చి "అన్నయ్యా, తేలిందా?" అని అడిగి వెళుతోంది. ఏమిటి తేలాలో అక్కకు తెలియదు. పైగా కూరలు తరిగే చెక్క కనిపించడం లేదు.

నేను వెళ్లేసరికి ఆ చెక్క బావ బల్ల మీద ఉంది. మధ్యలో చక్కగా గాడి కోసి, అందులో మీటరు పెట్టి జరుపుతున్నాడు.

"బావా, చంటిపిల్ల దొడ్డితో నీకేం పని?"

"కదలకు!" అన్నాడు. కదల్లేదు. టింగ్‌మంది. "తేలింది!" అంటూ బావ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన అంత హాయిగా ఊపిరి వదలడం నేనెప్పుడూ చూడలేదు.

కొత్త ప్రొఫైల్‌తో ఒక కార్డు తీసి, ప్లాస్టిక్ పొర వేస్తుండగా నర్సు వచ్చింది. అక్క నడుమున చేతులు పెట్టుకుని నిలబడింది. "ఇవాళ సంగతేమిటో చెబితేగాని ఎవరూ కదలడానికి వీల్లేదు," అంది. ఆ మాట ఆ ఇంట్లో మొదటిసారి అక్క నోట విన్నాను.

నర్సు చెప్పింది. "వదినా, కొందరు చంటిపిల్లలకు కాలేయంలోంచి పైత్యరసం దిగే దారి మూసుకుపోతుంది. పైకి బాగానే ఉంటారు, దొడ్డి మాత్రం పాలిపోతుంది. తొలి రెండు నెలల్లో పట్టుకుంటే ఆపరేషన్ చేసి బాగుచేసే వీలుంటుంది. ఆలస్యమైతే కష్టం. అందుకే ఏది మంచి రంగో, ఏది ప్రమాదమో తెలిసేలా తల్లులకు కార్డు ఇస్తాం. అసలు కార్డులు అయిపోతే బయట వేరే షాపులో వేయించాం. ఇదిగో."

ఆ కార్డులో మంచివన్న గళ్లు కూడా వెలిసిపోయి, ప్రమాదం గళ్లలాగే ఉన్నాయి. అది చూసిన తల్లి పాలిపోయిన రంగును కూడా మంచిదే అనుకుంటుంది.

"వీటిని వెనక్కి తీసుకుంటున్నాం, కొన్ని ఇంకా దొరకలేదు. కొత్తవి అన్నయ్య చేసిపెడతానన్నాడు."

"ఎప్పుడో అయ్యేది," అన్నాడు బావ. "తల్లులు కడుక్కోవడానికి పైన ప్లాస్టిక్ ఉండాలి కదా. పొర వేశాక చూస్తే రంగు మారిపోయింది. పొరతో సహా మళ్లీ మొదటికి. దాని మీద కర్టెన్ రాడ్డు గైడు జారిపోతోంది. నీ చెక్క బరువుగా కూర్చుంది."

"మరి పైవాళ్లని ఎందుకు వేధిస్తున్నారు?"

"కార్డు చూసుకున్నాం అంటాడు. ఏ కార్డో చెప్పడు. కొలవకుండా నేనేమని చెప్పను? బాలింతను హడలగొట్టనా?"

అక్క ఆ కొత్త కార్డు లాక్కుంది. పొర వేడి ఇంకా తగ్గలేదు. రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తింది. నర్సు ఆమె వెనక, నేను నర్సు వెనక.

"బల్బు కింద చూడొద్దు!" కింది నుంచి బావ కేక. "కిటికీ దగ్గర చూడు!"

ఆ పిల్ల తల్లి సిగ్గుతో ముడుచుకుపోతుంటే అక్క భుజం మీద చెయ్యి వేసింది. "సిగ్గెందుకమ్మా, గుడ్డ చూపించు." కిటికీ దగ్గర కార్డు పక్కన పెట్టారు. వాళ్ల గోడకున్న పాత కార్డు ప్రకారం ఆ రంగు మంచిదే. బావ కార్డు ప్రకారం ప్రమాదం. నర్సు పాప కళ్లలో కాస్త పచ్చదనం చూసి, వెంటనే పెద్దాస్పత్రికి ఫోన్ చేసింది. ఇదేమీ తెలియని డ్రైవరు ఎప్పటిలా డ్యూటీకని పిట్టగోడ ఎక్కబోతుంటే నేను కాలు పట్టుకుని కిందికి లాగాను.

ఆపరేషన్ జరిగింది. బాగానే చేశామన్నారు గానీ, దొడ్డి రంగు మారితేనే ధైర్యం అన్నారు డాక్టర్లు. ఆ రోజుల్లో బావ మీటరు ముట్టుకోలేదు. ఫోన్ ముందు కూర్చుని మోకాళ్లు ఊపుతుండేవాడు. ఆ మనిషిని అలా చూస్తే నాకు నవ్వు రాలేదు, ముద్దొచ్చింది.

ఒక ఉదయం ఫోన్ మోగింది. ముందు ఫోటో వచ్చింది, వెనకే డ్రైవరు గొంతు. "అంకుల్! చూశారా? పసుపు! డాక్టర్లు కూడా సంతోషపడ్డారు!"

ఫోటోలో ఉన్నది చంటిపిల్ల మాసిన గుడ్డ. దాన్ని చూసి అక్క చప్పట్లు కొట్టింది. నేను కేకలు వేశాను. ఎదురింటివాళ్లు వచ్చి సంగతేమిటని అడిగితే వాళ్లకూ చూపించాం. పాపం, మొహాలు అదోలా పెట్టారు.

"అంకుల్, ఈ ఫోటో పెద్దది చేసి ఫ్రేము కట్టించి ఇవ్వండి," అన్నాడు డ్రైవరు, నవ్వుతూ ఏడుస్తూ.

అతను సరదాకి అన్నాడని అందరికీ తెలుసు, ఒక్క బావకు తప్ప. ఆయన కళ్లు తుడుచుకుని, పెన్ను తీసుకుని అడిగాడు.

"ఏ సైజు బాబూ? గ్లాసీనా, మ్యాటా?"

అక్క ఫోన్ లాక్కుంది. "ముందు పిల్లని ఇంటికి తీసుకురండయ్యా!"