టైలరు గోడ

“గోడలోంచి నడుస్తావేంటే! తలుపు అటుంది!” అని టైలరు అరిచాడు. “కట్టని గోడకి తలుపొకటి మళ్లీ!” అంటూ అతని భార్య నేలమీద గోడకని గీసిన సుద్దగీత తొక్కుకుంటూనే వచ్చింది. మేడమీద కూతుళ్లిద్దరూ పడుకునే గదిని రెండుగా చెయ్యాలని వారం నుంచీ ఇంట్లో ఇదే రభస. జుట్టు క్లిప్పు దగ్గర మొదలైన తగువుతో అక్కాచెల్లెళ్లకి మాటలు పోయాయి. “సిమెంటు బ్లాకులతో కట్టించెయ్. ఒకదాని గొంతు ఇంకోదానికి వినపడకూడదు,” అని ఆవిడ పట్టు. టైలరేమో చెక్క గోడ చాలంటాడు. నిద్రలో కూడా మెడలో టేపు తియ్యని మనిషి. ఎవరి రవిక కుట్టినా, మనుషులు ఉన్నట్టే ఉండరని, లోపల అంగుళం గుడ్డ మడిచి దాస్తాడు. మేస్త్రీ చూపించడానికి పెట్టి వెళ్లిన బ్లాకుని ఇప్పుడు పంట్లాం గుడ్డలా రెండు వేళ్లతో నలిపి చూసి, “గట్టిదే గానీ మరీ బిగుతు,” అని తీర్పు చెప్పాడు. పక్కనే కొలతలు తీస్తున్న వడ్రంగి నవ్వాపుకోలేకపోయాడు. “ఈయనతో వేగలేను బాబూ!” అని ఆవిడ విసవిసా మెట్లు దిగిపోయింది. ఆ అడుగుల చప్పుడు ఆగేదాకా ఆగి, టైలరు వడ్రంగి చెవి దగ్గరికి వంగాడు.

“తమ్ముడూ, మేకులు కొట్టకు. స్క్రూలు పెట్టు. లాగితే ఊడొచ్చే కచ్చాకుట్టులా ఉండాలి. పిల్లలు మాట్లాడుకున్న రోజు కబురు పెడతా, వచ్చి విప్పేసి పో.”