రక్తం చల్లబడనివ్వని మావయ్య

మావయ్య పోయారన్న కబురు వచ్చేసరికి అమ్మ కుంపటి రాజేస్తోంది. మొన్న మంగళవారం పొద్దున్న, కార్ఖానా సైరన్ మోగి అరగంట అయి ఉంటుంది. ఆయన కొడుకు మా గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా, "అత్తా, నాన్న నెగనేదు" అన్నాడు. అమ్మ విసనకర్ర పక్కన పెట్టి, "ఒళ్ళు సల్లబడిపోనాదేటి?" అని అడిగింది. ఎవరైనా ఎప్పుడని అడుగుతారు, ఎలాగని అడుగుతారు. మా అమ్మ ఇదే ఎందుకు అడిగిందో తెలియాలంటే మీకు ఆయన సంగతి చెప్పాలి.

చుట్టరికం ఏమీ లేదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మాకు రెండిళ్ళ అవతల ఉండేవారు. అమ్మ ఆయన్ని అన్నయ్య అనేది, అందుకని నాకు మావయ్య. ఆస్పత్రిలో రక్తపరీక్షల రోజున డాక్టరుబాబుకి సూది అందించడం, తీసిన రక్తాన్ని పరీక్షల గదికి మోసుకెళ్ళడం ఆయన ఉద్యోగం. ఆ గది మైదానానికి అటు చివర వేరే కట్టడంలో ఉండేది. రక్తం బుడ్డి మీది చీటీ తడిసి ఊడిపోతే అది ఎవరిదో తెలియదు కదా, అందుకని ఆయన చీటీని నమ్మేవారు కాదు. బుడ్డి మీద ఉన్న పేరు నోట్లో అనుకుంటూనే మైదానం దాటేవారు. ఆ పేరు పిలుస్తున్నట్టే ఉండేది, వెనకబడిపోయిన మనిషిని రమ్మన్నట్టు. అప్పుడు ఎదురుపడి పలకరించినా పలికేవారు కాదు.

ఆయన నోట ఎవరి పేరు వినిపిస్తే వాళ్ళకి మూడినట్టేనని మా ఈడు పిల్లల నమ్మకం. నాతో చదివే ఒక పిల్ల తన పేరు విని వారం రోజులు బడికి రాలేదు. ఇప్పుడు ఆవిడకి ముగ్గురు పిల్లలు, గుండ్రాయిలా ఉంది. అయినా చెప్తున్నాను, ఆ రోజుల్లో మంచులో ఆ మైదానం మీంచి ఆ గొంతు వస్తుంటే నాకూ వెన్నులో చలి పుట్టేది.

నాకు పదేళ్ళప్పుడు, చలికాలం మొదట్లో, అమ్మకి ఒంట్లో బాగుండకుండా పోయింది. పొద్దున్నే లేచేసరికి వేళ్ళు, ముక్కు కొస, చెవుల అంచులు నీలంగా ఉండేవి. ఎండెక్కితే మామూలయ్యేవి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ముఖం పాలిపోయింది. రక్తంలో బలం ఎంతుందో చూస్తాం, పరగడుపున రమ్మనండి అన్నారు ఆస్పత్రిలో. మామూలు పరీక్షే, మా లైన్లో అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేయించుకున్నదే.

ఇక్కడ మా వాళ్ళ తెలివితేటలు చెప్పుకోవాలి. పరగడుపు అంటే మా ఆడవాళ్ళ లెక్కలో ఉపవాసం. ఉపవాసం అన్నాక తలస్నానం లేకుండా ఎలా? అమ్మ తెల్లవారకుండానే కొళాయి కింద చన్నీళ్ళు తల మీద పోసుకుంది, తడిజుట్టు ముడేసుకుంది, దేవుడికి దండం పెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరింది. మావయ్య చూసి నెత్తి కొట్టుకున్నారు. "రక్తానికి నైవేద్యం పెడతారేటమ్మా మీరంతా? తినకుండా రమ్మన్నారు గానీ తానం సెయ్యమన్నారా ఎవులైనా?" అమ్మ నవ్విందిగానీ, ఆ నీలం పెదాలతో నవ్వు చూడలేకపోయాను.

ఆ రక్తం పనికిరాలేదు. గడ్డకట్టకుండా మందు వేసిన బుడ్డే, అయినా మైదానం దాటేసరికి లోపల గాజుకి పలుకులు పలుకులుగా అంటుకుపోయింది. మళ్ళీ తెమ్మన్నారు. నాలుగో రోజు మళ్ళీ పరగడుపు, మళ్ళీ చన్నీళ్ళు, మళ్ళీ పలుకులు. ఈసారి ఆ మాట లైనంతా తెలిసిపోయింది.

మా నాన్నమ్మకి ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. "ఇది జబ్బు కాదురా, సిల్లంగి. ఎవులో సేతబడి సేసినారు. నెత్తురు ఇరిగిపోతంటే ఇంకా డాకటేర్లేటి?" అని తేల్చేసింది. ఆ రోజు నుంచి అమ్మకి వేరే కంచం. నా చంటి తమ్ముణ్ణి ఎత్తుకోనిచ్చేది కాదు. వాడు పక్కగదిలో ఏడుస్తుంటే అమ్మ గోడవైపు తిరిగి కూర్చునేది. ఆదివారం పాసింజరుకి అమ్మని మా ఊరు పంపేసి అక్కడ భూతవైద్యుడికి అప్పగించాలని నిర్ణయం అయిపోయింది. నాన్న తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. అక్కడి వైద్యం ఎలా ఉంటుందో నాకు తెలుసు. వేపమండలు, మిరపకాయల పొగ, తెల్లార్లూ చన్నీళ్ళు. వెళ్తే అమ్మ తిరిగి రాదని నాకెవరూ చెప్పలేదుగానీ నాకు తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులూ అమ్మ వేళ్ళు చూసి నేనూ భయపడ్డాను. దగ్గరికి వెళ్ళలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

శుక్రవారం సాయంత్రం మావయ్య వచ్చి మా మెట్టు మీద కూర్చున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు. అరచేతుల్లోకి చూసుకుంటూ చెప్పారు.

"సెల్లెమ్మా, నీ దగ్గిర ఓ మాట దాసినాను. ఆ రెండో బుడ్డి పారబొయ్యమన్నారు. గుప్పిట్లో ఎట్టుకుని నిలబడిపోనాను. కొంతసేపటికి సూద్దును గదా, పలుకుల్నేవు. నున్నగా కదుల్తంది, ఇప్పుడే ఒంట్లోంచి తీసినట్టు. బల్లమీదెడితే మళ్ళీ ఇరిగిపోనాది. సేతిలోకి తీస్తే మళ్ళీ కలిసిపోనాది. ఇన్నేళ్ళలో ఎన్ని బుడ్లు మోసినాను! ఇరిగిన పాలు మళ్ళీ పాలవడం ఎవులైనా సూసినారా?"

"సెప్పినానా, సిల్లంగేనని!" అంది నాన్నమ్మ లోపల్నించి.

"నానూ అలాగే అనుకున్నానత్తా. బయపడిపోనాను. రెండ్రోజులు నోరిప్పనేదు. ఇయాల సిగ్గిడిసి డాక్టరుబాబుకి సెప్పినాను. ఆయన కుర్సీలోంచి నెగిసి, ఆ రక్తానికి సలి పడదు దాదా, గరమ్ రఖో, ఎచ్చగా ఉంచు అన్నాడు." అమ్మవైపు తిరిగారు. "రేపు తానం వద్దు. స్వెట్టరేసుకో, సెవులకి గుడ్డ సుట్టుకో. ఒంట్లోంచి తీసినంత మాత్రాన అది నీది కాకుండా పోదమ్మా. దాన్ని సల్లబడనివ్వను. ఆ పూసీ నాది."

తాను భయపడ్డానని ఒక మగవాడు నోరు తెరిచి చెప్పడం అదే మొదటిసారి నేను వినడం. ఆయనంటే నాకు గౌరవం పుట్టింది ఆ మెట్టు దగ్గరే.

శనివారం పొద్దున్న డాక్టరుబాబు గది తలుపులు మూసేశారు. కుంపటి పెట్టారు. సూదినీ బుడ్డినీ గోరువెచ్చటి నీళ్ళలోంచి తీశారు. రక్తం నిండిన బుడ్డిని మావయ్య చొక్కా లోపల చంకలో పెట్టుకుని, చెయ్యి ఒంటికి అదిమి, బయటికి వచ్చారు. వరండాలో ఉన్న నేను వెనకే వెళ్ళాను. మంచు బాగా పడుతోంది. పది అడుగుల్లో మనిషి కనిపించడం మానేశాడు. అమ్మ పేరు ఒక్కటే ముందు నడుస్తోంది. ఆగకుండా, గట్టిగా కాదు, బతిమాలుతున్నట్టు. ఎన్నిసార్లు అన్నారో నాకు తెలియదు. ఒకసారి మటుకు ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ పిలిచారు.

ఆస్పత్రిలో అమ్మ పక్కనే ఉన్న నాన్న తర్వాత చెప్పారు. ఆ సమయంలో తలుపులు మూసిన గదిలో, కుంపటి ముందు కూర్చున్న అమ్మ ఉన్నట్టుండి తలెత్తి, "వత్తన్నాను" అందట. ఎవరితో అన్నావంటే ఎవరో పిలిచారంది. మైదానం ఆ చివర మాట ఈ చివరకి వినిపించదు. నేను పెద్దయ్యాక నిలబడి పరీక్షించాను, వినిపించదు.

పరీక్ష అయింది. డాక్టరుబాబు నాన్నమ్మని పిలిపించి, రెండు చుక్కలు గాజుపలక మీద వేసి, చల్లటి నీళ్ళ గిన్నె మీద పెట్టి చూపించారు. పలుకులు. అరచేతి మీద పెట్టి చూపించారు. కలిసిపోయింది. ఈ మనిషికి చలి తగలకూడదు, అంతే, మందులు నేను రాస్తాను అన్నారు. నాన్నమ్మ ఆ పలకనే చూసి చూసి, "సిల్లంగైతే కుంపటికి లొంగదు" అని తీర్పు మార్చేసింది. ఆవిడ ఓడిపోయినా జడ్జీలాగే ఓడిపోయేది. ఆ సాయంత్రం తమ్ముణ్ణి తానే తెచ్చి అమ్మ ఒళ్ళో వేసింది. నాన్న గోల్‌బజార్ నుంచి ఊలు చేతితొడుగులు తెచ్చారు.

పదిహేనేళ్ళు దాటింది. ఆ తర్వాత చలిపడని రక్తం, వేడిపడని రక్తం అని డాక్టరు ఏది చెప్పినా మావయ్య అడిగి తెలుసుకుని దానికి తగ్గట్టే మోసేవారు. ఇంటింటికీ వెళ్ళి పరగడుపు అంటే ఏమిటో చెప్పేవారు. "మంచినీళ్ళు తాగొచ్చు. తలకి పోసుకోవద్దు. దేవుడికి మర్నాడు సెప్పుకోండి, ఆయనెక్కడికీ పోడు" అనేవారు. అయినా మా లైన్లో సగంమంది తడిజుట్టుతోనే వెళ్ళేవారు. నేర్చుకునే జాతి కాదు మాది.

మంగళవారం మేం వెళ్ళేసరికి ఆయన్ని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఉత్తరపుగాలి కోసేస్తోంది. అమ్మ పక్కన కూర్చుంది. ఇంట్లో తప్ప ఎక్కడా తియ్యని చేతితొడుగులు రెండూ లాగి పక్కన పెట్టి, ఆయన చెయ్యి తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. రుద్దింది. ఆయన పేరు పిలిచింది. మా వాళ్ళలో అన్న వరసైన మనిషిని ఆడవాళ్ళు పేరు పెట్టి పిలవరు. అక్కడున్న వాళ్ళందరూ అమ్మవైపు తిరిగారు. అమ్మ పట్టించుకోలేదు, మళ్ళీ పిలిచింది, మళ్ళీ.

"చెయ్యి తియ్యమ్మా, నీకు పడదు" అన్నాను.

"ఉండవే. దూరం ఎల్లుండరు" అంది.

నేను వంగి ఆ చేతులు విడదీయబోయాను. అమ్మ వేళ్ళు అప్పటికే గోళ్ళ దగ్గర్నించి కణుపుల దాకా నీలమైపోయాయి. పట్టుకున్నాను, చల్లగా ఉంది. ఎవరి చెయ్యి పట్టుకున్నానో నాకు తెలియలేదు.