దున్నకు సావ్‌ధాన్ చెప్పిన తాత

మొన్న దీపావళికి కార్వాన్‌లోని పుట్టింటికి వెళ్లాను. పండుగ వెళ్లిన రెండో రోజు గల్లీ చివర సదర్ డప్పు మోగింది. టీ గ్లాసు చేతిలో ఉండగానే నా కాళ్లు గుమ్మం దాటేశాయి. మోకాళ్ల నొప్పులని వారం రోజులుగా కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటున్నదాన్ని! ఆ డప్పు వింటే నాకు ఏ నొప్పీ గుర్తుండదు, మా తాతే గుర్తొస్తాడు.

తాత మిలిటరీలో కంచరగాడిదల వెంట పనిచేశాడు. వాటి మీద బియ్యం, గుండ్లు వేసి మంచుకొండలు ఎక్కించేవాడట. రిటైరై వచ్చి బర్రెలు పెట్టాడు. ఎనభై దాటినా సైకిలుకు క్యాన్లు కట్టుకుని లాల్‌దర్వాజా దాకా పాలు పోసి వచ్చేవాడు. మిలిటరీని మాత్రం వదల్లేదు, కొట్టంలో ఆర్డర్లన్నీ హిందీలోనే. "థమ్" అంటే ఆగాలి, "ఆగే బఢ్" అంటే కదలాలి. మా నాయనమ్మ తెలుగులో ఎంత బతిమాలినా ఒక్క బర్రె పక్కకు జరిగేది కాదు. "గివి నా కొడుకులకంటే నయం, చెప్తే ఇంటయి" అని మురిసిపోయేవాడు తాత. ఆ కొడుకులు అక్కడే పేడ ఎత్తుతూ ఉండేవాళ్లు.

సదర్ మా పాలవాళ్ల పండుగ. దున్నపోతుకు నూనె పట్టించి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గవ్వల పట్టీ కట్టి బజారుకు తోలుకొస్తారు. అందరి ముందూ అది ముందుకాళ్లు ఎత్తి సలాం చేస్తేనే ఇంటి పరువు నిలిచినట్టు. ఏటా మా దున్న తాడు తాతదే. ఎనభై ఆరో ఏట గుండె బాగాలేదని డాక్టరు తాడు ముట్టొద్దన్నాడు. తాడు చిన్నాయన చేతికి వచ్చింది. ఆయనకేమో ఆ హిందీ ఆర్డర్లంటే సిగ్గు. తాత మిలిటరీ కోటుకు మెడల్స్ తగిలించుకుని అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు, పక్కన కాపలాకు చిన్నపిల్లని నేను.

డప్పులు ఊపందుకున్నాయి. "లే బిడ్డా, లే!" అని చిన్నాయన తాడు గుంజాడు. దున్న కదల్లేదు. మళ్లీ గుంజాడు. "ఏందన్నా, నిద్రపోయిందా మీ దున్న?" అని జనంలోంచి ఎవరో అరిచారు. చిన్నాయన ముఖం మాడిపోయింది, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో తాత నా చేయి విదిలించుకుని నిటారుగా లేచి నిలబడ్డాడు. "సావ్‌ధాన్!" అని పరేడ్‌లో లాగా ఒక్క కేక వేశాడు. డప్పులవాళ్లే ఆగిపోయారు! దున్న చెవులు నిక్కించింది. "సెల్యూట్!" అన్నాడు. అబ్బ, అంత లావు దున్న రెండు కాళ్లూ గాల్లోకి లేపి నిలబడింది! తాత కూడా చేయి నుదుటికి పెట్టాడు. గల్లీ అంతా ఈలలు, లొల్లి. "తాడెవనికి గావాల్రా? నోరున్నది చాలు" అన్నాడు కూర్చుంటూ.

మర్నాడే నన్ను కొట్టంలో నిలబెట్టి ఆ కేక నేర్పాడు. "గొంతులకెల్లి గాదు బిడ్డా, కడుపులకెల్లి రావాలె" అనేవాడు. తాత పోయాక చాలా ఏళ్లు ఆ పాఠంతో నాకు పని పడలేదు.

మొన్న తాడు చిన్నాయన కొడుకు చేతిలో ఉంది. కొత్త దున్న, ఎంత గుంజినా లేవదు. జనం నవ్వుతున్నారు. వాడు చెమటలు కక్కుతూ నా వైపు చూశాడు. "అక్కా, తాతలెక్క నువ్వన్నా ఒక్కసారి అనవే!"

టీ గ్లాసు అరుగు మీద పెట్టాను. నిటారుగా నిలబడి, కడుపులోంచి "సావ్‌ధాన్!" అన్నాను. దున్న చెవులు నిక్కించింది. "సెల్యూట్!" అన్నాను. లేచింది! తాతను చూడనైనా చూడని దున్న లేచి నిలబడింది! నా చేయి దానంతట అదే నుదుటికి పోయింది. కాలం మా ఇంట్లోంచి ఎందరినో ఎత్తుకుపోయింది గానీ, ఆ కేక జోలికి మాత్రం ఇంకా రాలేదు.