చికిలించిన కళ్ళు

నేను టెక్కలిలో డ్రాయింగ్ మాస్టారుని. బడి వదిలాక ఇంట్లో కూర్చుని చెక్క మీద ఉబ్బెత్తు బొమ్మలు చెక్కుతాను. వెనక భాగం పలకకి అంటుకునే ఉంటుంది, ముఖం మాత్రం ముందుకు లేస్తుంది. బొమ్మను చేయడమంటూ ఏమీ ఉండదు, దాని చుట్టూ ఉన్నది తీసేయడమే. తీసింది మళ్ళీ అతకదు. నోరు జారి, అన్న మాట వెనక్కి తీసుకోలేక పడ్డ అవస్థలు చాలవన్నట్టు ఏరి కోరి ఈ పని నెత్తికెత్తుకున్నాను.

మా వీధికి ఎండుచేపలు తెచ్చే ఆమె ఓ రోజు గుమ్మంలో గంప దించి, గోడ మీది బొమ్మల్ని చాలాసేపు చూసింది. సంతబొమ్మాళి అవతల సముద్రపొడ్డున వాళ్ళ ఊరు. ఆమె భర్త వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు.

"మాస్టారూ, మా మావ బొమ్మ సెక్కుతారేటి?" అంది. భర్తని ఆమె మావ అనే అంటుంది. "పోన్లో సూసి సూసి ఆ పోనూ పాడైపోతంది."

కాదనలేకపోయాను. మొహమాటం నా కొంప ముంచే జబ్బు.

ఉన్నది ఒకే ఒక్క ఫోటో. పడవ అంచున కూర్చుని, ఎదురెండకి కళ్ళు చికిలించి నవ్వుతున్నాడు. తుఫానుకి పడిపోయిన పనస చెట్టు పలక ఒకటి నా దగ్గరుంటే దాని మీద గీసుకుని ఉలి పట్టాను. బుగ్గలూ మీసమూ తేలిగ్గానే లేచాయి. కళ్ళ దగ్గర చిక్కుపడ్డాను. వేలి మందమైనా లోతు లేని చోట, చికిలించిన కన్నుకీ మూసిన కన్నుకీ తేడా గోటి గీతంత. పొద్దున్న కిటికీ వెలుగులో నవ్వుతున్నాడు. ట్యూబులైటు కింద నిద్రపోతున్నాడు. ఏది నిజమో ఎంత చూసినా నాకు తెలియలేదు. ఇక వాళ్ళింటి వెలుగులో చూసి సరిచేద్దామని ఓ ఆదివారం పలకని పాత దుప్పట్లో చుట్టి, సన్న ఉలి సంచిలో వేసుకుని బస్సెక్కాను.

దుప్పటి విప్పగానే అతని తల్లి నేల మీద కూలబడింది.

"కళ్ళు మూసీసినాడు నా కొడుకు" అని ఏడ్చింది.

శవం దొరకనివాడికి దర్భలతో బొమ్మనైనా చేసి దహనం చెయ్యాలంటారు. ఆ మాటెత్తితే కోడలు ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదట. ఇప్పుడు ముసలావిడ నా చేతులు పట్టుకుంది. "ఇదే నా బిడ్డ బాబూ. దీన్నే కట్టెల మీద పెడతాను. ఆడి దారిన ఆడు ఎల్లిపోతాడు."

కోడలు పలకని లాక్కుని గుండెకి హత్తుకుంది. "మూసినాడేటి? ఎండకి సికిలించినాడు. సెప్పండి మాస్టారూ!"

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. చెక్కినవాణ్ణి నేను, ఏం చెక్కానో నేనే చెప్పలేకపోవడం ఎంత సిగ్గు! చికిలించాడంటే ఆ తల్లి ఇంకెన్నాళ్ళు ఇలా కూర్చోవాలి? మూశాడంటే ఈమెని నా నోటితో నేనే విధవని చేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోనీ నిజం చెబుదామా అంటే నా దగ్గర నిజమే లేదు.

"అయితే కళ్ళు తెరిసీండి" అంది కోడలు.

రెప్పల మేర చెక్క తీసేస్తే లోపల కనుగుడ్డు తేల్చవచ్చు. కానీ ఒకసారి తెరిచాక మళ్ళీ మూయడం నా వల్ల కాదు. ఆ మాటే చెప్పాను. ముసలావిడ అడ్డుపడుతుందనుకున్నాను, పడితే బాగుండుననీ అనుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "నీ ఇట్టం పిల్లా" అంది. నాకు ఇంకా గాభరా ఎక్కువైంది.

గుమ్మంలో కూర్చుని పలకని ఒళ్ళో పెట్టుకున్నాను. కుడి రెప్ప అంచున ఉలి మొన ఆనించాను. కోడలు పక్కనే చతికిలబడి, పలక మీదికి వంగి చూస్తోంది. నేను నొక్కబోతుంటే చటుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"ఆగండి మాస్టారూ" అంది. "తెరిసినాక నన్ను సూడకపోతే?"