చక్రం కింద నిమ్మకాయ

మా బావగారు ఉమామహేశ్వరరావుగారిది కొత్తపేట, పౌరోహిత్యం. మా వైపు కొత్త బండి ఏదైనా ఆయన టెంకాయ కొట్టాకే రోడ్డెక్కుతుంది. అలాంటాయన్ని ఏకంగా విమానానికే పిలిచారంటే మా అక్క శారదాంబ వీధంతా చెప్పుకుంది.

పిలిచినవాడు కొండలరావు. గౌతమీ ఎయిర్ అని పెట్టి, రాజమండ్రి నుంచి హైదరాబాదుకి ఒకే ఒక్క పాత విమానం తిప్పాడు. రెండేళ్లకే మూతపడింది. ఆర్నెల్లు తిరక్కుండా అదే విమానానికి నీలం రంగు కొట్టి, సప్తగోదావరి ఎయిర్ అని పేరు మార్చి, మళ్లీ బావగారికి కబురు పెట్టాడు. పూజ సామాను పట్టుకుని ఈసారి నేనూ వెళ్లాను. పైన పటారం, లోన లొటారం. సీట్ల కంపుకి నేను కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

ప్రయాణికులంతా చూస్తుండగా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి బావగారు వంగారు. వంగిన మనిషి చాలాసేపు లేవలేదు. టైరు అరిగిపోయి లోపలి దారాలు బయటికొచ్చాయి. కొండలరావుని పక్కకి పిలిచి ఆ మాటే చెప్పారు.

“అందుకే కదండీ నిమ్మకాయ,” అన్నాడు వాడు నవ్వుతూ.

ఛీ, అదీ ఒక నోరేనా! మా బావగారి మీద మాత్రం రోత పుట్టలేదా? పుట్టింది. శాలువా కప్పించుకుని, కిక్కురుమనకుండా నిమ్మకాయ పెట్టేశారు.

హైదరాబాదులో దిగేటప్పుడు ఆ టైరే పేలి విమానం పక్కకి ఒరిగింది. కాట్రేనికోనలో టీచరుగా చేసి రిటైరైన పాపాయమ్మగారికి తుంటి విరిగింది. కంపెనీకి అనుమతి రద్దయింది, అంతటితో దాని పీడ విరగడైంది.

బావగారు నెల రోజులు సరిగా తినలేదు. చివరికి నన్ను వెంటబెట్టుకుని పాపాయమ్మగారింటికి వెళ్లి, టైరు సంగతి చెప్పేశారు. మంచం మీంచే ఆవిడ ఆయనకి కుర్చీ చూపించింది.

“మేం చర్చికెళ్లేవాళ్లం, మా ప్రార్థన వేరేనండి. అయినా మీరు వంగి చూసేరు కదా, పర్వాలేదనుకుని ఎక్కేనండి,” అంది.

ఆయన తల దించుకుని వచ్చేశారు.

మొన్న శ్రావణంలో అదే కొండలరావు సిగ్గూ శరం లేకుండా బస్సుల కంపెనీ పెట్టి, కొత్తపేటలోనే పూజకి పిలిచాడు. బావగారు వంగి వెనక చక్రం తడిమారు. లేచి, నిమ్మకాయ సంచిలో వేసుకున్నారు. ఇంకో పంతులు దొరక్కపోడులెండి అని కొండలరావు విసుక్కున్నాడు. గంటలో దొరికాడు కూడా. థూ!

టెంకాయ పగిలింది, జనం ఎక్కడానికి వచ్చారు. బావగారు ఇంటికి పోలేదు. బస్సు మెట్టు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ చేతులు జోడించి ఒకటే మాట చెప్పారు.

“నేను వంగి చూసేనండి. ఎక్కకండి.”